బంతిలో సగానికి లేచిన క్లారినెట్టు

ఏడో తరగతి పరీక్షలో నేను పేపరు నిండా రాశాను. అది చాలక అదనపు కాగితాలు అడిగి తీసుకుని వాటి నిండా కూడా రాశాను. ఫలితాలు వచ్చిన రోజు పత్రికలో నా నంబరు లేదు. మా నాయన పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి వెతికి, "అచ్చేసేటోళ్లు నీ నంబరు మర్చిపోయింటారు లేప్పా" అన్నాడు. మరుసటి ఏడాది కూడా మర్చిపోయారు. వాళ్లను మళ్లీ మళ్లీ ఇబ్బంది పెట్టడం ఎందుకని నేను బడి మానేశాను. అంత రాసినా ఎందుకు తప్పానన్నది మాత్రం చాలాకాలం నాకు అంతుపట్టలేదు.

అట్లాంటివాడిని తర్వాత బ్యాండు పెట్టి, చేరడానికి వచ్చినవాళ్లందరికీ నేనే పరీక్ష పెట్టాను. ఈ రాతంతా ఆ పరీక్ష గురించే.

నా పేరు ఓబులేసు. నంద్యాలలో పెళ్లి బ్యాండు నడిపి, మోకాళ్లు ఇక చాలన్నాక ఇంట్లో కూర్చున్నాను. నేను వాయించింది పెద్ద డ్రమ్ము. దాన్ని పొట్టకు కట్టుకుని నడిచేవాణ్ని కాబట్టి ముందు డ్రమ్ము, వెనక నేను. ఇప్పుడు డ్రమ్ము లేదు. పొట్ట మాత్రం అలవాటు మానలేక ముందే నడుస్తోంది.

మా వీధిలో కీబోర్డు, ప్యాడ్లు వాయించే పిల్లకాయలు కొందరు ఉన్నారు. "గ్రూపు పెడతాండాం పెద్దాయనా, మంచి మనుషుల్ని యాడ పట్టుకోవాల?" అని వచ్చి అడుగుతుంటారు. రేట్లు ఎట్లా మాట్లాడాలి, బోర్డు మీద పేరు ఎంత పెద్దగా రాయించాలి అనేవి నన్ను అడగొద్దు. మనుషుల సంగతి అడిగితే చెబుతాను. అందులో నేను చేసినన్ని తప్పులు ఈ చుట్టుపక్కల ఎవరూ చేసి ఉండరు.

మనుషులు ఎక్కడ దొరుకుతారు

వాయించమని ఎవరూ అడగని చోట వాయిస్తున్నవాడిని వెతకండి. భజనల్లో, చర్చిల్లో, పీర్ల పండగ గుండాల దగ్గర, బస్సుల్లో.

బస్సుల్లో అని ఊరికే అనలేదు. మా సైడు డ్రమ్ముల అన్నదమ్ములు నాకు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చే బస్సులోనే దొరికారు. అన్న కొండయ్య ముందు సీటు కడ్డీ మీద వేళ్లతో కొడుతున్నాడు, తమ్ముడు ఖాళీ టిఫిన్ గిన్నె మీద కొడుతున్నాడు. కండక్టరు రెండుసార్లు తిట్టాడు. మూడోసారి తిట్టలేక విజిలు వేశాడు. వీళ్లు ఆ విజిలును కూడా తాళంలో కలుపుకుని, అది మళ్లీ ఎప్పుడు వస్తుందా అని దానికోసం ఒక దెబ్బ ఖాళీ వదలడం మొదలుపెట్టారు. పక్కన ఏ చప్పుడు వచ్చినా దానికి చోటిచ్చేవాడు బ్యాండుకు పనికొస్తాడు. నేను లేచి వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను.

ట్రంపెట్టు దస్తగిరిని ఒక కల్వర్టు మీద పట్టుకున్నాను. ఊరేగింపు అయిపోయి, అతని బ్యాండువాళ్లందరూ చేతులు కడుక్కుని అన్నాలకు పరిగెత్తారు. ఇతను మాత్రం చింతపండు గుజ్జుతో ట్రంపెట్టు తోముతూ కూర్చున్నాడు. తన ముఖం కంటే ముందు ట్రంపెట్టు ముఖం కడిగే మనిషి నాకు నచ్చాడు.

ఇప్పటి పిల్లకాయలు వీడియోలు చూసి మనుషుల్ని ఎంచుకుంటున్నారు. చూడండి, కాదనను. వాయించేవాడినే చూస్తూ ఉండిపోకుండా, అతని పక్కనున్నవాడి ముఖం చూడండి. వాడు హాయిగా ఉంటే ఇతను మంచివాడు.

ఇట్లా డ్రమ్ములు దొరికాయి, ట్రంపెట్టు దొరికింది. దొరకనిది క్లారినెట్టు. పెళ్లి బ్యాండులో డ్రమ్ములది నడక, ట్రంపెట్టుది కేక. పాట మాత్రం క్లారినెట్టుదే. అది లేకుంటే జనం ఎగురుతారు గానీ ఏ పాటకు ఎగురుతున్నారో వాళ్లకే తెలియదు.

నేను పెట్టిన పరీక్ష

నాకు పని నేర్పిన మేస్త్రి పీరయ్య. ఆయనది క్లారినెట్టే. గట్టి మనిషి, మాట తక్కువ. బ్యాండు అంతా ఒకే బంతిలో కూర్చుని తినాలి, చివరివాడు చెయ్యి తీసేదాకా ఎవరూ లేవకూడదు అన్నది ఆయన పెట్టుకున్న నియమం. మధ్యలో లేచినవాడిని మరుసటి పెళ్లికి పిలిచేవాడు కాదు. "తినేకాడ పక్కోని కోసం ఆగనోడు వాయించేకాడ ఆగుతాడా?" అనేవాడు. ఆ మాట నా తలలో దిగిపోయింది.

ఆయనలో నాకు నచ్చనిది ఒక్కటే ఉండేది. ఊరేగింపు ముగిసేదాకా మాకు మెతుకు పెట్టనిచ్చేవాడు కాదు. ఆకలితో డ్రమ్ము మోసిన పొట్ట నాది. పిసినారి అనుకునేవాణ్ని, నిజానికి ఆ అన్నం పెట్టేది పెళ్లివాళ్లయినా కూడా. నేను బ్యాండు పెడితే ముందు తిండి, తర్వాతే వాయింపు అని అప్పుడే తీర్మానించుకున్నాను. పెట్టాను, అట్లాగే చేశాను. మేస్త్రి కంటే మంచివాణ్ని అయ్యానని పొంగిపోయాను కూడా.

అట్లా నా పరీక్ష తయారైంది. బ్యాండులో చేరతానని వచ్చినవాణ్ని ఇంటికి పిలిచి, అందరితో పాటు బంతిలో కూర్చోబెట్టేవాణ్ని. మా ఇంటామె లక్ష్మీదేవి సంగటి కెలికి, ఊరిబిండి నూరేది. వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు వేసి రోట్లో నూరే పచ్చడి అది. మా ఇంట్లో మిరపకాయలదే పైచేయి. చివరిదాకా కూర్చున్నవాడు నెగ్గినట్టు, మధ్యలో లేచినవాడు తప్పినట్టు. వాయించి చూడటం ఆ తర్వాతి సంగతి.

బండి ఆత్మకూరులో తెలిసినవాళ్ల పెళ్లికి పోయినప్పుడు అక్కడి చర్చిలో సాల్మన్ అనే అతని క్లారినెట్టు విన్నాను. పాడేవాళ్లలో ఒక ముసలామె పాట మధ్యలో దారి తప్పింది. మిగతావాళ్లు సర్దుకోమన్నట్టు ఆమె వైపు చూస్తున్నారు. క్లారినెట్టు మాత్రం పాటను వదిలి ఆమె వెంట పోయింది. ఆమె ఎక్కడికి పోతే అక్కడికి పోయి, మెల్లగా తిప్పుకుని అందరి దగ్గరికీ తెచ్చింది. చివరికి తప్పింది మిగతావాళ్లేమో అనిపించేటట్టు చేశాడు ఆ మనిషి. బయటికి వచ్చాక చెయ్యి పట్టుకుని, "మా ఇంటికి రా అప్పా, ఒకసారి కూర్చుందాం" అన్నాను.

సాల్మన్‌ది కాలువ తూముల దగ్గర నీళ్లు వదిలే లష్కరు పని. చెప్పిన రోజుకు చెప్పినట్టు వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని, క్లారినెట్టు పెట్టెను తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. బంతిలో కూర్చున్నాడు. సంగటి ముద్ద ఊరిబిండిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్దకు లేచాడు. కొళాయి దగ్గరికి పోయి పెదవులు కడుక్కున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు, తువ్వాలుతో అద్దుకున్నాడు. వచ్చి బయట అరుగు మీద పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మేమందరం తింటూనే ఉన్నాం.

నాకు చాలా బాధనిపించింది. అంత బాగా ఊదేవాడు, తప్పిపోయాడే అని.

చేతులు కడుక్కుని బయటికి వచ్చి, "మల్ల కబురు చేస్తాలే అప్పా" అన్నాను.

"ఊదమంటావేమో అనుకుంటి" అన్నాడు.

"అక్కర్లే. నీ ఊదుడు విన్నా కదా."

పెట్టెను తువ్వాలులో మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు. లోపలికి వస్తే లక్ష్మీదేవి ఇస్తరాకులు తీస్తూ, "ఆ యప్ప పెట్టె అయినా తెరవకపాయె" అంది. ఆమెకు బ్యాండు సంగతి ఏం తెలుసులే అనుకున్నాను.

నెగ్గినవాళ్లు

ఆ తర్వాత వచ్చిన క్లారినెట్టువాళ్లు చాలామంది నెగ్గారు. పాములపాడు నుంచి వచ్చిన ఒకాయన ఊరిబిండి గిన్నె తుడిచి, "ఇంగ ల్యాదా?" అని అడిగాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే ఊదమన్నాను. ఆయన కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. క్లారినెట్టులోంచి కుక్కరు విజిలు లాంటి చప్పుడు వచ్చింది. కొత్త చోటు కదా, అలవాటు పడతాడులే అని తీసుకున్నాను. రెండు పెళ్లిళ్లు చేశాం. రెండో పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ వచ్చి, "ఆ యప్పకు ఏమన్నా నలతగా ఉండాదా?" అని నా చెవిలో అడిగాడు.

ఇంకొకాయన వచ్చాడు, నెగ్గాడు, పోయాడు. మరొకాయన కూడా అంతే. నన్ను తొలిచేసిన విషయం ఏమిటంటే, నా పరీక్షలో ఎంత బాగా నెగ్గితే అంత అధ్వానంగా ఊదుతున్నారు. ఇది ఎట్లా సాధ్యం? మంచి ఊదుడుకూ మంచి బుద్ధికీ పడదా? నేను రోజుల తరబడి ఇదే ఆలోచించాను. డ్రమ్ము కొట్టేవాళ్లందరూ నా పరీక్ష నెగ్గుతున్నారు, వాళ్లు బాగా కొడుతున్నారు కూడా. అంటే డ్రమ్ములోళ్లు దేవుళ్లు, ఊదేవాళ్లు దుర్మార్గులు అని ఒక నిర్ణయానికి రాబోయాను.

లక్ష్మీదేవి ఒకరోజు రోలు కడుగుతూ, "ఒగ మాట అడుగుతా. నీకు బ్యాండుకు మనుషులు కావల్నా, నా ఊరిబిండికి సాక్షులు కావల్నా?" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వు తెప్పించే మాటల్లో అసలు సంగతి ఉంటుందని ఊరంతా తిరిగి చెప్పేవాణ్ని నేనే.

క్లారినెట్టు లేకుండానే ముహూర్తాలు గడిచాయి. పాట భారమంతా దస్తగిరి ట్రంపెట్టు మీద పడింది. అతని పెదవి పగిలింది. ఒకరోజు కొండయ్య వచ్చి, తల గోక్కుంటూ, "అన్నా, వేరే బ్యాండోళ్లు పిలుస్తాండారు. ఈ ముహూర్తాల దాకా సూస్తాం" అన్నాడు. తిట్టి పోయినా బాగుండేది. ఇట్లా మర్యాదగా చెప్పేసరికి నాకు నిజంగా భయమేసింది.

తిమ్మారెడ్డి మాట

ఆళ్లగడ్డలో తిమ్మారెడ్డి అనే రైతు కూతురి పెళ్లి. ఆ ఇంటి పెళ్లికి చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తాయి. అక్కడ నచ్చితే ఆ పక్క పెళ్లిళ్లన్నీ మనవే. నేనూ దస్తగిరీ మాట్లాడటానికి వెళ్లాం. శిల్పాలు చెక్కే షెడ్లు దాటితే వాళ్ల ఇల్లు. మాట్లాడుతుంటే ఉలి చప్పుళ్లు వినిపిస్తూనే ఉన్నాయి.

ఆయన దస్తగిరిని చూసి, "నువ్వేనా ట్రంపెట్టు? బాగుండాది. కానీ మా బిడ్డ పెండ్లిలో పాట పాటలాగా వినపడాల. క్లారినెట్టు ఉంటే రాండి. లేకుంటే ఇప్పుడే చెప్పండి, వేరే వాండ్లని పిల్చుకుంటా" అన్నాడు.

"ఉండాదన్నా" అన్నాను నేను, ఆయన మాట పూర్తి కాకముందే.

బస్సెక్కాక దస్తగిరి అడిగాడు, "యాడుండాదన్నా క్లారినెట్టు?"

"బండి ఆత్మకూరులో."

"వాణ్ని నువ్వే పంపిస్తివి కదా."

"పిల్చుకొస్తా."

దస్తగిరి కిటికీలోంచి బయటికి చూస్తూ, "వస్తాడా?" అన్నాడు. ఆ ప్రశ్న అటు తిరిగి ఎందుకు అడిగాడో నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసిందల్లా ఒక్కటే. సాల్మన్ రాకపోతే ఆళ్లగడ్డ పెళ్లి లేదు. ఆ పెళ్లి పోతే కొండయ్యా తమ్ముడూ ఉండరు. అప్పుడు బ్యాండంటే నేనూ నా డ్రమ్మూ.

కాలువ గట్టు మీద

ఉత్త చేతులతో పోకూడదని నంద్యాల బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు వేడివేడిగా కట్టించుకుని బయలుదేరాను. నా తెలివి అట్లా ఉండేది.

సాల్మన్ తూము పక్కన కూర్చుని ఉన్నాడు. నా చేతిలో పొట్లం చూసి, "ఏందీ, మల్ల తిండి తెచ్చినావా? ఈ తూరి పరీక్ష యాడ?" అన్నాడు.

"పరీక్ష లే గిరీక్ష లే. ఆళ్లగడ్డలో పెద్ద పెండ్లి ఉండాది. నువ్వు రావాల."

"నేను తప్పినోణ్ని కదా."

"నువ్వు ఆ పొద్దు ఎందుకు లేచినావప్పా?"

"ఇప్పుడడుగుతాండావా? ఆ పొద్దు నోరు యాడ పెట్టుకున్నావ్?"

పొట్లం అతని చేతికిచ్చాను. అతను పొట్లం విప్పి, "ఒగటి తిను" అన్నాడు. తిన్నాను. "ఇంగొగటి." తిన్నాను. బాగున్నాయి. మూడోది నేనే తీసుకోబోతే చేయి పట్టుకుని ఆపి, తూము పక్క గదిలోంచి పెట్టె తెచ్చి క్లారినెట్టు బిగించాడు. నోట్లో పెట్టుకునే చోట సన్నటి బద్దలాంటి రీడు ఒకటి ఉంటుంది. దాన్ని తీసి వేరే రీడు కట్టాడు.

"పాతది కడతాండా. నీ నోట్లో పెట్టింది మల్ల వాడను" అన్నాడు. "కింది పెదవి పండ్ల మీదికి మడుచుకో. దాని మీద ఇది పెట్టు. ఒత్తు. ఇంగా గట్టిగా ఒత్తు. ఊదు."

జీవితమంతా క్లారినెట్టు పక్కన నడిచినవాణ్ని. దాన్ని నోట్లో పెట్టుకోవడం అదే మొదలు. పెదవి పంటికీ రీడుకూ మధ్య నలిగింది. ఆ నలిగిన చోట రెండు బజ్జీల కారం నిప్పు రాజుకుంది. కళ్లు, ముక్కు, నోరు ఒకేసారి కారడం మొదలుపెట్టాయి. నోట్లో ఊరిన నీళ్లు రీడులోకి పోయాయి. అయినా పట్టుదలగా ఊదాను. వచ్చిన చప్పుడుకు కాలువలో పడుకున్న బర్రెలు లేచి అవతలి గట్టెక్కాయి.

సాల్మన్ నెమ్మదిగా అడిగాడు, "ఇప్పుడు చెప్పు. కూర్చుంటావా, లేస్తావా?"

నేను అప్పటికే లేచి కాలువలో మూతి పెట్టాను.

"అదన్నా సంగతి" అని వెనక నుంచి అంటున్నాడు. "మీ ఇంటామె పచ్చడి బాగుండె. ఇంగో ముద్ద తింటే నాకు ఊదను రాదు. తిన్నాక ఊదమంటావని లేచినా. నువ్వు ఊదమనలే."

నీళ్లలో మూతి పెట్టుకునే పీరయ్య మేస్త్రిని తలచుకున్నాను. ఒకే బంతి అన్నాడు, లేవొద్దన్నాడు. ఊరేగింపు అయ్యాకే తిండి అని కూడా అన్నాడు. ఆయన ఊదేవాడు, నేను కొట్టేవాణ్ని. నా పొట్టకు నచ్చిన సగం పట్టుకుని, నచ్చని సగాన్ని పిసినారితనం అన్నాను. మేస్త్రి పద్ధతికి నేను పెట్టిన ఒకే ఒక్క మెరుగు ఇదే.

సాల్మన్ వస్తానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. "వాయించకముందు ఎవురింట్లోనూ తినను. ఆ మాట వాండ్లకు చెప్పేది నువ్వు. నేను చెప్పను."

తిరిగి వచ్చి దస్తగిరిని నిలదీశాను. "నీదీ నోరే కదా! నువ్వెట్లా తింటాంటివి?"

"తింటాంటినని ఎవురు చెప్పినారు? ఇస్తరాకులో చెయ్యి ఆడిస్తాంటి. ఆఖర్న రొంత మజ్జిగ అన్నం తింటాంటి."

"నాకు చెప్పుంటే ఏం పోయేది?"

"క్లారినెట్టు వస్తే పాట వానికి పోతాది. నాకేం మిగుల్తాది?" అన్నాడు. తర్వాత పగిలిన పెదవి తడుముకుని, "ఇప్పుడు రానీలే అన్నా. మోయలేకపోతాండా" అన్నాడు.

దస్తగిరి మీద నాకు కోపం రాలేదు. పిల్లకాయలూ, ఇది గుర్తుపెట్టుకోండి. కొత్తవాడు వస్తే ఉన్నవాడికి ఏం మిగులుతుందో ముందే ఆలోచించి పెట్టాల్సింది బ్యాండు నడిపేవాడు. ఆ పని నేను చేయలేదు, అందుకని అతను తన పని తాను చూసుకున్నాడు.

ఆళ్లగడ్డ పెళ్లి

మేం చేరేసరికి పందిట్లో బ్యాండువాళ్ల కోసం ఇస్తరాకులు వేసి ఉన్నాయి. తాలింపు పెట్టిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, పక్కన ఎర్రకారం. తిమ్మారెడ్డి స్వయంగా వచ్చి, "కూర్చోండప్పా, బేగా తినండి. పెండ్లికొడుకు బయల్దేరినాడంట" అన్నాడు.

"వాయించినాక తింటామన్నా" అన్నాను.

ఆయన ముఖం మారింది. "ఏందీ? మా ఇంట్లో చెయ్యి తడపకుండా మా బిడ్డ పెండ్లికి వాయిస్తారా? మా తిండి పనికిరాదా మీకు?"

చుట్టాలు నలుగురు చేరారు. ఒకాయన, "నంద్యాల వాండ్లు కదా, మన ఉగ్గాని దిగదేమో" అన్నాడు. తిమ్మారెడ్డి నవ్వలేదు. "తినండి. లేకుంటే సామాన్లు ఎత్తుకోండి" అన్నాడు.

క్లారినెట్టును సంపాదించుకుని వచ్చి, ఉగ్గాని దగ్గర పెళ్లి పోగొట్టుకునేట్టున్నాను. మధ్యేమార్గం ఒకటి తట్టింది. వెనక్కి తిరిగి, "కొండయ్యా, మీ ఇద్దరూ నేనూ కూర్చుందాం. కొట్టేవాళ్లకు ఏం కాదు. ఊదేవాళ్లు మజ్జిగ తాగుతారు" అన్నాను.

కొండయ్య ఉగ్గాని వైపు చూశాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు అతను. పక్కన నిలబడిన సాల్మన్‌ను, దస్తగిరిని చూశాడు.

"వాండ్లు నిలబడింటే నేనెట్లా కూర్చుంటా అన్నా? బంతి బంతి అని చెప్పింది నువ్వే కదా" అన్నాడు. అతని తమ్ముడు కూడా కదల్లేదు.

ఇన్నాళ్లూ ఊరిబిండి పెట్టి వెతికింది ఈ మనిషినే. ఇంకో బ్యాండుకు పోతానన్నవాడు ఖాళీ కడుపుతో నిలబడి నా నియమాన్ని నాకే అప్పజెబుతున్నాడు. నాకు ఒక్కసారిగా ధైర్యం వచ్చింది.

తిమ్మారెడ్డి వైపు తిరిగి, "అన్నా, నువ్వు క్లారినెట్టు కావాలంటివి. మిరపకాయ బజ్జీ తిని క్లారినెట్టు ఊదితే ఎట్లుంటాదో నాకు తెలుసు. మొన్ననే ఊది సూసినా. బండి ఆత్మకూరు ఎనుములు కాలువ దాటి పోయినాయి. మీ వియ్యంకులు కూడా అట్లనే దాటి పోవాలంటే చెప్పు, ఇప్పుడే కూర్చుంటాం" అన్నాను.

చుట్టాలు పగలబడి నవ్వారు. ఆయన నవ్వలేదు గానీ భుజాలు దిగాయి. "మరి ఎప్పుడు తింటారు?"

"నీ అల్లుడు పందిట్లోకి వచ్చినాక. నువ్వే వడ్డించాల."

ఆయన ఇస్తరాకుల వైపు చెయ్యి చూపించి, "పాట బాగాలేకుంటే ఉత్త ఇస్తరాకు వడ్డిస్తా" అన్నాడు.

పొద్దు వాలుతుండగా రోడ్డు మీద పెళ్లికొడుకుకు ఎదురు వెళ్లాం. సాల్మన్ పాట ఎత్తుకున్నాడు. ఒక చరణం ఊది, చివరి ముక్క ఊదకుండా ఆపి దస్తగిరి వైపు చూశాడు. దస్తగిరి ఒక క్షణం తడబడి, ట్రంపెట్టుతో ఆ ముక్క పూర్తి చేశాడు. మరుసటి చరణానికీ అంతే. పాట మొత్తం మోయనక్కర్లేకుండా, పాటలో తన చోటు తనకు దొరికేసరికి దస్తగిరి ట్రంపెట్టు కొత్తదానిలా మోగింది. అతనికేం మిగులుతుందో నేను ఆలోచించలేదు, సాల్మన్ ఆలోచించాడు. శిల్పాల షెడ్ల దగ్గర ఉలి చప్పుళ్లు ఆగిపోయాయి. చెక్కేవాళ్లు రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. నేను కొడుతున్నానో, కొట్టబడుతున్నానో నాకు తెలియలేదు.

తిమ్మారెడ్డి ఉత్త ఇస్తరాకు వడ్డించలేదు. పంచె ఎగ్గట్టి, మా బంతికి తనే ఉగ్గాని వేశాడు, బజ్జీలు వేశాడు. సాల్మన్ మొదటి ముద్ద తిని, తలెత్తి, "అన్నా, కారం రొంత తక్కువైనట్టుంది. ఇంగా ఉండాదా?" అన్నాడు.

నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ మనిషి మిరపకాయలను వేరుశనగ గింజల్లాగా నములుతున్నాడు. మా అందరిదీ అయిపోయింది, చేతులు ఎండిపోయాయి, అతను తింటూనే ఉన్నాడు. ఎవరూ లేవలేదు.

"ఏందీ, ఎవురూ లేవరా?" అన్నాడు చివరికి.

"నువ్వు లేస్తే లేస్తాం" అన్నాడు దస్తగిరి.

ఆ ముహూర్తాలు అయిపోయాక కొండయ్య వేరే బ్యాండు మాట ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు. ఆళ్లగడ్డ పక్క ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి పిలిచాయి. మా మోకాళ్లూ ఊపిరితిత్తులూ ఒప్పుకున్నన్నాళ్లు ఆ మనుషులమే కలిసి వాయించాం. ఏ ఇంట్లోనైనా వాయించాకే తిన్నాం, ఒకే బంతిలో తిన్నాం.

పిల్లకాయలకు

బంతి పరీక్ష చెడ్డదని నేను ఇప్పటికీ అనను. పక్కవాడి కోసం ఆగేవాడు కావాలి, నిజమే. కానీ అతను ఎవరి కోసం ఆగుతున్నాడో, ఎందుకు లేస్తున్నాడో అడగాలి. మీరు ప్యాడ్లు కొట్టేవాళ్లయితే పాడేవాడి గొంతుకు ఏం కావాలో మీకు తెలియదు. మీరు పాడేవాళ్లయితే కొట్టేవాడి భుజం సంగతి తెలియదు. ఒకరి వాద్యం ఒకరు ఒక్కసారైనా నోట్లో పెట్టుకునో, మెడకు తగిలించుకునో చూడండి. బజ్జీలు తిని మాత్రం వద్దు.

ఇదంతా రాసి, మొన్న మా ఇంటికి వచ్చిన సాల్మన్‌కు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. లక్ష్మీదేవి ఊరిబిండి గిన్నె అతని పక్కన పెట్టింది. "ఎట్లుండాదప్పా?" అన్నాను, కాస్త మెచ్చుకుంటాడేమోనని.

గిన్నెలో వేలు పెట్టి నాక్కుంటూ అన్నాడు: "నువ్వు ఏడో తరగతి ఎందుకు తప్పినావో నాకు ఇప్పుడు తెలిసింది లేన్నా. ప్రశ్న చదవకముందే జవాబు రాసేసింటావ్."